హిమానీనదములును గోదావరి మాగాణియు

రామచంద్రపురమున మంచుకొండలు లేవు. ఇచ్చటి మాగాణులను తడుపు గోదావరి త్ర్యంబకముకడ బుట్టి వానలవలననే బ్రతుకుచున్నది; గంగాసింధువులకువలె దానికి హిమాలయపు మంచునీటి సాయము లేదు. కావున హిమానీనదములతో మనకేమి పని యని రైతు అడుగవచ్చును. అందులకు బదులు అతని కాలిక్రిందనే యున్నదని మా మనవి.

ఎత్తైన ప్రదేశములందు ఏటేట కురిసి, కరుగక మిగిలిన మంచు పొరమీద పొరగా పేరుకొని, తన బరువుచేతనే గట్టిపడి, పల్లమునకు మెల్లగా జాఱుచుండును. అదియే హిమానీనదము. అడుగున చిక్కిన రాళ్లతో అది నేలను ఆకురాయివలె రాచి, బండలపై చాళ్లు గీయును. ఇఱుకులోయలను వెడల్పు చేయును. కరగునప్పుడు తాను మోసికొనివచ్చిన గుండ్లను, మట్టిని గుట్టలుగా విడిచిపోవును.

అట్టి గుర్తులు గోదావరి పరీవాహకముననే కలవు. 1875లో ఫెడ్డెను అను భూతత్త్వజ్ఞుడు చాందాప్రాంతమున, పెన్‌గంగ సమీపమందలి ఇరాయికడ, మంచు గీచిన చాళ్లుగల బండను గూర్చి ప్రకటించెను. పెన్‌గంగ నీరు వార్ధా, ప్రాణహితల మూలమున గోదావరినే చేరుచున్నది. సుమారు 30 కోట్ల యేండ్ల క్రిందట మన భూఖండము దక్షిణధ్రువమువైపున నుండి మంచుచే కప్పబడెను. ఆ మంచు తొలగిన పిమ్మట పెరిగిన అడవులే నేటి సింగరేణి బొగ్గు.

మన డెల్టా పుట్టుక అంత పురాతనము కాదు. సుమారు 20 వేల యేండ్ల క్రిందట ఉత్తర ఖండములపై నీరు మంచుగా బంధింపబడి, సముద్రమట్టము నేటికంటె సుమారు 120 మీటర్లు తక్కువగా నుండెను. మంచు కరగగా సముద్రము పైకి వచ్చెను. ఆ పెరుగుదల 6, 7 వేల యేండ్ల క్రిందట నెమ్మదించిన పిదపనే గోదావరి ఒండ్రు నిలిచి, తీరమును ముందునకు నెట్టి, ఈ భూమిని నిర్మించెను. పొలములనడుమ నేడు కానవచ్చు ఇసుకమెరకల వరుసలు ఒకనాటి సముద్రపుటొడ్డులు.

వానలకును మంచుతో సంబంధము కలదు. తెల్లని మంచు సూర్యరశ్మిని త్రిప్పికొట్టి నేలను వేడెక్కనీయదు. 1876-78 కరవున లక్షలకొలది ప్రజలు ఆహుతియైన పిదపగాని వర్షములను ముందుగా తెలుపవలెనను పట్టుదల దొరతనమువారికి కలుగలేదు. హెన్రీ బ్లాన్‌ఫర్డు 1884లో హిమాలయములందు మంచు హెచ్చైన యేట నైరృతి వానలు తగ్గునని సూచించెను. ఈ సూత్రము ప్రతియేట తప్పక చెల్లునది కాకున్నను, దాని యందలి మూలభావము నేటికిని శాస్త్రజ్ఞుల విచారణలో నున్నది.

ఇప్పుడు కథ తిరుగబడుచున్నది. బొగ్గుపులుసు వాయువు పెరిగి భూమి వేడెక్కగా, మంచు కరగుటచేతను, సముద్రజలము వేడికి వ్యాకోచించుటచేతను 1901 మొదలు 2018 వరకు సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినది. ఎగువ ఆనకట్టలు ఒండ్రును ఆపుచున్నవి. ఉప్పాడ తీరమును కెరటములు కోసివేయుచుండుట మనమెఱిగినదే.

ఈ పొగను అధికముగా విడిచి ధనవంతములైన దేశములు వేఱు; నష్టపడనున్న గోదావరి రైతు వేఱు. న్యాయము కోరుట మన హక్కు. కాని ఊరకుండి కోరుట చాలదు. కోరింగ మడఅడవులను కాపాడుట, మురుగుకాలువలను పూడిపోనీయకుండుట, ఒండ్రు సముద్రమును చేరు మార్గమును గూర్చి పాలకులను నిలదీయుట మన చేతిలోని పనులు. సముద్రము వెనుదీసి యిచ్చిన భూమిని అది మరల అడుగకముందే మేల్కొనుట వివేకము.