ఎల్‌ఈడీ బల్బు కొంటున్నారా? వాట్లు కాదు, ల్యూమెన్లు చూడండి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం.. ఏ ఊరి అంగట్లో బల్బు అడిగినా ముందు వచ్చే ప్రశ్న ‘ఎన్ని వాట్లు?’ వాట్లు చెప్పేది బల్బు ఎంత కరెంటు తింటుందో మాత్రమే. వెలుతురు ఎంతో చెప్పేవి ల్యూమెన్లు. పాత 60 వాట్ల బల్బు ఇచ్చేది సుమారు 700 ల్యూమెన్లు. మంచి 9 వాట్ల ఎల్‌ఈడీ 900 దాకా ఇస్తుంది. రోజుకు 6 గంటలు వెలిగితే నెలకు పాత బల్బుకు దాదాపు 11 యూనిట్లు, ఎల్‌ఈడీకి రెండు యూనిట్ల లోపే. రంజాన్‌లో సహరీ నుంచి తరావీహ్ దాకా లైట్లు వెలిగే ఇళ్లకు, మసీదులకు ఇది చిన్న తేడా కాదు.

డబ్బాపై 25,000 గంటలని రాసి ఉన్నా కొన్ని బల్బులు ఏడాదికే పోతాయి. చాలాసార్లు చెడిపోయేది ఎల్‌ఈడీ కాదు, లోపలున్న డ్రైవర్. 230 వోల్టుల ఏసీ కరెంటును ఎల్‌ఈడీకి సరిపడా డీసీగా మార్చేది అదే. దానికి వేడి పడదు. అందుకే గాలాడని గాజు డోములో బల్బు బిగించకండి.

కొనేముందు డబ్బాపై ల్యూమెన్లు, బీఐఎస్ గుర్తు, ‘ఆర్’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. వారంటీ ఉంటే బిల్లు తీసుకుని దాచుకోండి. చవకగా వచ్చిందని కొన్న బల్బును ఏటా మార్చాల్సి వస్తే చివరికి అదే ఖరీదైన బల్బు.