ముందు ఇరుసు చమురు కారుట

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే జీపు వంటి వాహనాలలో, ముందు ఇరుసు లోపల ఉండే గేర్ ఆయిలు సీళ్ళ గుండా గాని, అతుకుల గుండా గాని వెలుపలికి వచ్చుటను ముందు ఇరుసు చమురు కారుట అంటారు. మెకానిక్కుల వాడుకలో ఇది ఫ్రంట్ యాక్సిల్ లీకు. కారే చుక్క చిన్నదైనా అది బ్రేకును చేరితే ఘాట్ రోడ్డులో ప్రాణాపాయం కలుగవచ్చు. కారణం తెలుసుకొనకుండా సీలు మాత్రమే మార్చినచో లీకు కొద్ది రోజులలోనే తిరిగి రావడం సర్వసాధారణం.

నేపథ్యం

శేషాచలం, తలకోన అడవులలోను, పలమనేరు సమీపాన గల కౌండిన్య అభయారణ్యంలోను బాటలు రాళ్ళతో, వాగులతో కూడి ఉంటాయి. ఇటువంటి చోట్లకు మహీంద్రా జీపులు, 1985లో విడుదలైన మారుతి జిప్సీ అనువైన వాహనాలు. పాత జీపులలోను, జిప్సీలోను ముందు ఇరుసు ఒకే గట్టి దూలం వలె ఉంటుంది. 2023లో భారతదేశంలో విడుదలైన జిమ్నీలో కూడా ఇదే పద్ధతి. 2010లో వచ్చిన థార్ వాహనంలో మాత్రం ముందు చక్రాలు విడివిడిగా ఊగుతాయి. ఈ వ్యాసం ముఖ్యంగా గట్టి ఇరుసు గల వాహనాలకు సంబంధించినది.

నిర్మాణం

ఇరుసు మధ్య భాగంలో డిఫరెన్షియల్ ఉంటుంది. క్రౌన్, పినియన్ అను పళ్ళచక్రాలు ఇక్కడ గేర్ ఆయిలులో మునిగి తిరుగుతాయి. అక్కడి నుండి ఇరువైపులా గొట్టాల గుండా షాఫ్టులు చక్రాల వరకు పోతాయి. గొట్టం చివర బోలుగా ఉన్న ఇనుప గోళం, దానిని చుట్టి చక్రంతో పాటు తిరిగే నకిల్ ఉంటాయి. గోళం లోపలి కీలుకు గ్రీజు వాడుతారు. గేర్ ఆయిలు ఈ గ్రీజులో కలవకుండా గొట్టం చివర ఒక లోపలి సీలు, గ్రీజు బయటకు రాకుండా గోళం చుట్టూ మరొక సీలు అమర్చబడి ఉంటాయి.

ఏ ద్రవమో గుర్తించుట

ముందు చక్రం వద్ద తడి కనిపించగానే అది గేర్ ఆయిలే అని నిశ్చయించరాదు.

* గేర్ ఆయిలు చిక్కగా ఉండి, గంధకపు ఘాటు వాసన కలిగి ఉంటుంది. కొత్తది తేనె రంగులోను, పాతది నల్లగాను ఉంటుంది. నీటిలో కలవదు.
* బ్రేకు ద్రవం పలుచగా ఉండి నీటిలో కలిసిపోతుంది. వాహనపు రంగును పాడుచేస్తుంది. ఇది కారుచున్నచో వాహనాన్ని నడపరాదు.
* పవర్ స్టీరింగు ద్రవం చాలా వాహనాలలో ఎర్రగా ఉంటుంది.
* ఇంజను ఆయిలు పైనుండి కారి, గాలికి వెనుకకు కొట్టుకొని వచ్చి ఇరుసుపై పడవచ్చును.

గోళంపై పలుచని గ్రీజు పొర ఉండుట దోషం కాదు. ఆ గ్రీజు నీళ్ళ వలె పలుచబడి కారుచున్నదంటే లోపలి సీలు చెడి, గేర్ ఆయిలు అందులో కలిసినదని అర్థం. అప్పుడు బయటి సీలు ఒక్కటే మార్చిన ప్రయోజనం ఉండదు.

కారే చోటును కనుగొనుట

చమురు క్రిందికి జారుతుంది, గాలికి వెనుకకు పోతుంది. కాబట్టి చుక్క పడిన చోటు కాక, తడిసిన భాగాలలో అన్నిటికంటె పైన, ముందు ఉన్న చోటును వెదకవలెను.

1. ఇరుసును కిరసనాయిలు లేదా డీజిలుతో కడిగి, ఆపై సబ్బునీటితో శుభ్రం చేసి ఆరబెట్టవలెను. బ్రేకు భాగాలపై డీజిలు పడకుండా చూడవలెను.
2. అనుమానం ఉన్న చోట్ల ముఖానికి రాసుకొనే పౌడరు చల్లవలెను.
3. పది, పదిహేను కిలోమీటర్లు నడిపి, రాత్రికి క్రింద పాత వార్తాపత్రిక పరచి ఉంచవలెను.
4. తెల్లవారి పౌడరు ఎక్కడ తడిసినదో, కాగితంపై మరక ఎక్కడ పడినదో సరిపోల్చవలెను.

ముందు హబ్బులు విడదీసి ఉన్నప్పుడు ముందు షాఫ్టులు తిరగవు. అప్పుడు లీకు బయటపడకపోవచ్చును. కనుక హబ్బులు కలిపి, నాలుగు చక్రాల నడకలో పెట్టి ఇసుక లేదా మట్టి బాటపై పరీక్షించవలెను. తారు రోడ్డుపై అట్లు నడిపినచో గేర్లపై అనవసరపు ఒత్తిడి పడుతుంది.

పినియన్ సీలు వద్ద తడి ఉన్నచో అక్కడి ఫ్లాంజిని పట్టుకొని కదిపి చూడవలెను. వదులు ఉన్నచో దోషం బేరింగుది. కొత్త సీలు కూడా నిలువదు. గోళం వద్ద తడి ఉన్నచో చక్రాన్ని జాకీతో లేపి, పైన క్రింద పట్టుకొని ఊపి కింగ్‌పిన్ వదులును పరీక్షించవలెను. వాహనం పక్కకు వాలి నిలిచినప్పుడు చమురు పల్లపు వైపు గొట్టంలోకి చేరి, ఆ వైపు లీకును ఎక్కువ చేస్తుంది.

బ్రీదరు

ఇరుసు పైభాగాన బ్రీదరు అను చిన్న గాలి రంధ్రం ఉంటుంది. అన్నిటికంటె ముందు చూడవలసినది ఇదే, తరచుగా మరచిపోయేదీ ఇదే. అడవి బాటలలో బురద, కందిరీగల మట్టిగూళ్ళు దీనిని మూసివేయవచ్చును. ఇరుసు లోపలి గాలి 30 డిగ్రీల నుండి 90 డిగ్రీల సెల్సియసుకు వేడెక్కినదనుకొందాము. బయటకు పోవు దారి లేనిచో దాని పీడనం సుమారు ఐదవ వంతు పెరుగుతుంది. ఆ ఒత్తిడి చమురును సీలు అంచుల గుండా నెట్టివేస్తుంది. సీలు మంచిదే, దోషం బ్రీదరుది. నూనె మట్టం మించి పోయుట కూడా ఇట్టి ఫలితాన్నే ఇస్తుంది. సమతలంపై నిలిపినప్పుడు నూనె పోసే రంధ్రపు క్రింది అంచు వరకు ఉంటే చాలును.

నీరు చేరుట

కాగిన ఇరుసు వాగు నీటిలో మునిగినప్పుడు లోపలి గాలి చల్లబడి కుంచించుకొనిపోతుంది. బ్రీదరు మూసుకొని ఉన్నచో నీరు సీళ్ళ గుండా లోపలికి పీల్చబడుతుంది. చమురు పాల వలె తెల్లబడినచో నీరు చేరినదని గ్రహించి, వెంటనే మార్చవలెను. 2021 నవంబరులో భారీ వర్షాలకు తిరుపతి వీధులు జలమయమై, స్వర్ణముఖి పొంగినది. అటువంటి వరదలో చక్రాల మధ్య వరకు మునిగిన వాహనానికి, లీకు కనిపించకపోయినా ఇరుసు నూనెను పరీక్షించుట అవసరం. తీసిన నూనెలో ఇనుప రజను మెరిసినచో పళ్ళచక్రాలు, బేరింగులు అరుగుతున్నవని తెలుసుకొనవలెను.

ఘాట్ రోడ్డుపై ప్రమాదం

తిరుమలకు 1974లో ప్రారంభమైన రెండవ ఘాట్ రోడ్డు ఎక్కుటకు, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు దిగుటకు వాడుతారు. దిగునప్పుడు మలుపు మలుపునకు బ్రేకు వేయవలసి వస్తుంది. లోపలి సీలును దాటిన చమురు హబ్బు సీలును కూడా దాటినచో బ్రేకు లైనింగుపై పడుతుంది. అప్పుడు వాహనం ఒక ప్రక్కకు లాగుతుంది, బ్రేకు పట్టు తగ్గుతుంది. చక్రం లోపలి వైపు నూనె చారలు కనిపించినచో ఘాట్ రోడ్డు ఎక్కరాదు. ఎక్కిన పిదప గమనించినచో మరమ్మతు చేయించనిదే దిగరాదు. నూనె పీల్చిన లైనింగును పెట్రోలుతో కడిగిన మాత్రాన పూర్వపు పట్టు రాదు. రెండు వైపులా లైనింగులు మార్చవలెను.

మరమ్మతు క్రమం

ముందుగా బ్రీదరు, నూనె మట్టం, పిదప బేరింగుల వదులు, ఆ తరువాతనే సీలు చూడవలెను. సీలు ఆనే షాఫ్టు భాగంలో గాడి పడినదేమో వేలిగోటితో తడిమి చూడవలెను. గాడి పడిన షాఫ్టుపై కొత్త సీలు కూడా కారుతుంది. బిగింపు పూర్తయిన పిదప మరల పౌడరు పరీక్ష చేసి, పొడిగా ఉన్నదని రూఢి చేసుకొన్న తరువాతనే కొండ దారి పట్టుట క్షేమం.