చమురు చుక్కకు ముహూర్తము

కర్నూలు, కడప జిల్లాలలో కాలువనీరు కొన్ని గ్రామములకే దక్కిన భాగ్యము. సుంకేసుల యానకట్టనుండి బయలుదేఱు కర్నూలు-కడప కాలువ ఆయకట్టును దాటి కొంతదూరము పోయినచో సేద్యమంతయు బావులమీదనే ఆధారపడియుండెడిది. తరతరములుగా ఎద్దులతో కపిల తోలిన ఆ బావులయొద్దకు ఇరువదవ శతాబ్దపు నడిమికాలమున ఆయిల్ ఇంజను వచ్చిచేరినది. అయితే దానితో నొక చిక్కు కలదు. పైనున్న పంపు నీటిని పీల్చుటకు వాతావరణపు ఒత్తిడియే ఆధారము గనుక, లెక్కప్రకారము 10 మీటర్లవఱకు పీల్చవలసినదైనను ఆచరణలో 7, 8 మీటర్లకు మించి పీల్చజాలదు. అందుచే వేసవిలో నీరు దిగిపోయినప్పుడు, బావిగోడలో అరుగు తొలిచి, అంత బరువు ఇంజనును మోకులతో దానిమీదికి దింపుకొనుట పలుచోట్ల తప్పనిసరి యయ్యెను. అంతలోతున మంచి ఇంజను పొగయే ప్రమాదకరము. ఇక టైమింగు తప్పిన ఇంజను మాట చెప్పనేల!

ఈ టైమింగు అనునది ఏమి? డీజిల్ ఇంజనులో చమురు ముట్టించుటకు నిప్పురవ్వ లేదు. సిలిండరులోని గాలిని పిస్టను అతిగా నొక్కుటచే అది 500 డిగ్రీలకు పైబడి వేడెక్కును. అందులో పడిన చమురు తనంతట తానే మండును. ఈ సూత్రమును పట్టుకొని రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గునందు ఏండ్లతరబడి శ్రమించి, 1897లో పరీక్షకు నిలిపిన ఇంజను, చమురులోని శక్తిలో 26 శాతమును పనిగా మార్చి, ఆనాటి ఆవిరియంత్రములను వెనుకవేసెను. 1900 నాటి పారిస్ ప్రదర్శనములో ఇట్టి చిన్న ఇంజనొకటి వేరుసెనగ నూనెతో నడిచినదన్న సంగతి, సెనక్కాయలు పండించు మన సీమవారు ప్రత్యేకముగ చెప్పుకొనదగినది.

డీజిల్ వేడిని సాధించెనే కాని, చమురును లోనికి పంపు ఉపాయము ఆయనకు సులభముగ చిక్కలేదు. మిక్కిలి ఒత్తిడిగల గాలితో దానిని ఊదించవలసివచ్చెను. ఆ గాలికై ప్రక్కన మఱియొక కంప్రెసరు నడువవలెను. ఇట్టి సరంజామాను బావిగట్టున నిలుపుట యెట్లు? ఆ కొఱతను తీర్చినవారిలో ముఖ్యుడు రాబర్ట్ బాష్. ఆయన సంస్థ 1922లో పూనుకొని, 1927 నాటికి చమురును నేరుగ లోనికి ఒత్తు, పిడికిట నిముడు ఉక్కు పంపులను వరుసగా తయారుచేయసాగెను. మనదేశమున 1946లో పూనాయందు కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్ల సంస్థయు, 1951లో బెంగుళూరునందు బాష్ సహకారముతో మైకోయు వెలసిన పిమ్మట, ఇంజనును, దాని పంపును మన చేతికి చేరువ యయ్యెను.

ఈ చమురు పంపులో లోపల కదలు ప్లంజరు, దానిని పొదివికొను బ్యారెల్ అను రెండు ముక్కలు ఒకదానికొకటిగా అరగదీయబడినవి; వాని నడుమ సందు మిల్లీమీటరులో వేయవ వంతులు రెండో మూడో. ఒకటి అరిగినచో జతను జతగానే మార్చవలెను. లిస్టరు మాదిరి 6 అశ్వశక్తుల ఇంజను నిమిషమునకు 650 చుట్లు తిరుగుచు, రెండు చుట్లకొకమాఱు చమురు పుచ్చుకొనును. ఒక్కొక్కమాఱు పడునది ఇంచుమించుగ ఒక చుక్క. ఆ చుక్క తుంపరలై, గాలితో కలిసి, కాగి, అంటుకొనుటకు కొంత వ్యవధి కావలెను గనుక, పిస్టను పైకొసకు చేరుటకు సుమారు 20 డిగ్రీల ముందే పంపు ఒత్తుట మొదలుపెట్టవలెను. ఇదియే టైమింగు. కాలములో ఇది సెకనులో రెండువందలవ వంతు. ఇంత స్వల్పమైన ముహూర్తమును ఊరి మెకానిక్కు గడియారముతో గాక టేపుతో కొలుచును: రెండడుగుల వ్యాసముగల ఫ్లైవీలు అంచున 20 డిగ్రీలనగా నాలుగంగుళముల పైచిలుకు!

కొలుచు పద్ధతి ఇట్టిది. పంపు నెత్తిన నున్న గొట్టమును విప్పి, లోపలి డెలివరీ వాల్వును, స్ప్రింగును తీసి భద్రపఱచి, వంపుగొట్టమొకటి బిగించవలెను. చమురు ధారగా కాఱుచుండగా, ఫ్లైవీలును అది తిరుగు దిక్కుననే, పిస్టను గాలిని నొక్కు చుట్టులో, మెల్లమెల్లగ చేతితో త్రిప్పవలెను. ధార సన్నగిలి చుక్కలై, ఆ చుక్కయు నిలిచినచోటనే ప్లంజరు బ్యారెలులోని రంధ్రమును మూసినదని గుర్తు. అక్కడ ఫ్లైవీలు మీద ఆ 20 డిగ్రీలకు గుర్తైన గీత సరిపడవలెను. సరిపడనిచో పంపుక్రింది ట్యాపెట్ స్క్రూను పైకెత్తిన చమురు ముందుగను, దింపిన ఆలస్యముగను పడును. మఱికొన్ని ఇంజన్లలో పంపు అడుగున పలుచని రేకులు చేర్చి ఆలస్యము, తీసి త్వర కల్పింతురు. లాక్‌నట్టు బిగించుటలోనే స్క్రూ కొంచెము కదలును గనుక, బిగించిన తరువాత మరల చూడనివాని పని పని కాదు.

చమురు మఱీ ముందుగ పడినచో ఇంజను టంగుటంగుమని కొట్టుకొనును. స్టార్టుచేయువాని మణికట్టును హ్యాండిల్ వెనుకకు విసరి కొట్టును. ఆలస్యమైనచో తెల్లపొగ, వేడి, బలహీనత. పంపును ఒత్తు క్యామును ట్యాపెట్టును అరుగుట ఆలస్యమునకే దారితీయును గావున, పాత ఇంజన్లకు సాధారణముగ నీ రెండవ రోగమే. కాని చమురును తుంపరగా చిమ్ము నాజిల్ కాఱినను, కంప్రెషను తగ్గినను ఇట్టి పొగయే వచ్చును. పొగ చూచినంతనే స్పానరుతో పంపు మీదికి పోవువారే హెచ్చు. ముందుగ నాజిల్ విప్పి చూచుట మేలని నా అభిప్రాయము.

తరువాత కరెంటు మోటార్లు వచ్చెను. బోర్లు వచ్చి నీరు వందల అడుగుల క్రిందికి పోయెను. పీల్చు పంపునకు అక్కడ పనిలేదు. ఇంజన్లు గట్టెక్కినవి. అయినను పాతదానిని బేరమాడువాడు నేటికిని ముందు హ్యాండిల్ త్రిప్పి కంప్రెషను చూచును, పిదప నాజిల్ విప్పించును, టైమింగు సంగతి ధర కుదిరిన తరువాతనే యెత్తును.