వింటర్ ఫ్లై ఫిషింగ్: బయట మైనస్ డిగ్రీలు.. నదిలో మాత్రం ట్రౌట్ వేట! ఆ నీళ్లు ఎందుకు గడ్డకట్టవు?

చలికాలం వస్తే చేపల వేట బంద్ అనుకుంటారు చాలామంది. కానీ అమెరికాలోని కొన్ని నదుల దగ్గర సీన్ వేరే. ఒడ్డున మంచు, గాలిలో మైనస్ డిగ్రీలు.. అయినా నీళ్లలో దిగి గాలం విసురుతుంటారు. న్యూ మెక్సికో రాష్ట్రంలో నవాహో డ్యామ్ దిగువన పారే శాన్ జువాన్ నది దీనికి బాగా ఫేమస్. ఇంత చలిలో చేపలు ఎలా పడతాయి? రిస్క్ ఎంత? తెలుసుకుందాం.

ఫ్లై ఫిషింగ్ అంటే?

ఇందులో వానపాములు, పిండి ముద్దలు వాడరు. ఈకలు, దారాలతో చిన్న పురుగులా కట్టిన గాలమే ఎర. దాన్నే 'ఫ్లై' అంటారు. దానికి బరువు ఉండదు కాబట్టి, బరువున్న లైన్‌ను వెనక్కీ ముందుకూ ఊపి విసురుతారు.

అసలు సీక్రెట్ డ్యామ్ అడుగున

నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే బరువెక్కుతుంది. అందుకే రిజర్వాయర్ పైన మంచు కట్టినా, లోతులో నీరు గడ్డకట్టదు. నవాహో డ్యామ్ నుంచి వదిలేది ఆ లోతు నీరే. దాంతో డ్యామ్ కింద కొన్ని మైళ్ల వరకు నది ఏడాది పొడవునా సుమారు 6 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అంటే ఇక్కడ చూడాల్సింది గాలి చలి కాదు, నీటి వేడి.

చేపలు ఏం చేస్తాయి?

ట్రౌట్ ఒంటి వేడి నీటిని బట్టే మారుతుంది. నీరు చల్లబడితే జీర్ణశక్తి, కదలిక తగ్గిపోతాయి. ఎర కోసం దూరం పరిగెత్తవు. ప్రవాహం నెమ్మదిగా ఉండే లోతైన మడుగుల్లో అడుగుకు చేరతాయి. అందుకే..

* ఎర చేప ముక్కు ముందు నుంచే, అడుగుకు దగ్గరగా వెళ్లాలి.
* చలికాలంలో దొరికే మేత ఎక్కువగా దోమలంత ఉండే మిడ్జ్ పురుగులు. అందుకే గాలాలు కూడా చాలా చిన్నవి వాడతారు.
* తెల్లవారుజామునే వెళ్లక్కర్లేదు. ఎండ తగిలే మధ్యాహ్నం వేళే బెస్ట్.

అసలు ప్రమాదం ఇక్కడే

చలికాలంలో జారిపడితే తడవడంతో పోదు. చల్లటి నీటిలో పడినవారి విషయంలో నిపుణులు '1-10-1' సూత్రం చెబుతారు. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులో ఉండదు. తర్వాత 10 నిమిషాల్లో చేతులు, కాళ్లు పట్టు కోల్పోతాయి. సుమారు 1 గంటకు స్పృహ తప్పుతుంది. ఈ లెక్క నీటి చలిని, మనిషిని బట్టి కొంత మారుతుంది. కానీ మొదటి కొన్ని నిమిషాలే కీలకం.

* నీళ్లలోకి వేసుకునే వేడర్స్‌పై నడుం బెల్ట్ బిగించాలి. లేదంటే పడినప్పుడు లోపలికి నీళ్లు చేరతాయి.
* ఒడ్డు నుంచి నీటిపైకి పలకలా పెరిగిన మంచుపై కాలు పెట్టొద్దు. కింద ఖాళీ ఉంటే విరిగిపోతుంది.
* ఒంటరిగా దిగొద్దు. పొడి బట్టలు కారులో ఉంచుకోవాలి.
* డ్యామ్ నుంచి ఎంత నీరు వదులుతున్నారో ముందే ఆన్‌లైన్‌లో చూసుకోవాలి.

చేపకూ ముప్పే

బ్రౌన్ ట్రౌట్ శరదృతువులో కంకర మధ్య గుడ్లు పెడుతుంది. అవి చలికాలమంతా అక్కడే ఉంటాయి. నది అడుగున లేత రంగులో, శుభ్రంగా ఊడ్చినట్టు కంకర కనిపిస్తే దానిపై నడవకూడదు. ఒక్క అడుగుతో గుడ్లు నలిగిపోతాయి. ఇక గాలి సున్నా కంటే చల్లగా ఉన్నప్పుడు చేపను పైకెత్తి ఫొటోలు దిగితే, మొప్పలు గడ్డకట్టి దెబ్బతినే ప్రమాదం ఉంది. నీళ్లలోనే గాలం తీసి వదిలేయడం మేలు.

మనవాళ్లు గుర్తుంచుకోవాల్సింది

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు సరదాకి వెళ్లినా సరే, ఏ రాష్ట్రంలో చేపలు పడితే ఆ రాష్ట్రం ఫిషింగ్ లైసెన్స్ రూల్స్ ముందే చూసుకోవాలి. ఒకే నదిలోనూ చోటును బట్టి రూల్స్ మారతాయి. డ్యామ్ కిందే ఉన్న శాన్ జువాన్ భాగంలో పట్టిన చేపను తప్పనిసరిగా వదిలేయాలి. ఇక మన దేశంలో చలికాలం హిమాచల్ ప్రదేశ్ టూర్‌కి గాలం పట్టుకెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి. ట్రౌట్ గుడ్లు పెట్టే సీజన్ కావడంతో అక్కడ నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరి వరకు ట్రౌట్ వేటపై నిషేధం ఉంటుంది.