ఇంజిన్ పెరిగింది, పొట్ట లేవలేదు: రాయచూరు రేగడిలో పాత, కొత్త 4×4 బండ్ల లెక్క

2009లో మన దేశానికి వచ్చిన తొలి తరం టొయోటా ఫార్చ్యూనర్‌లో 3 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఉండేది. బలం 171 హార్స్‌పవర్, టార్క్ 343 న్యూటన్ మీటర్లు. 2016 నవంబరులో రెండో తరం వచ్చింది. ఆటోమేటిక్ గేర్లున్న బండిలో ఆ అంకెలు 177, 450 అయ్యాయి. 2021 మార్పుల తర్వాత 204, 500కు చేరాయి. పన్నెండేళ్లలో బలం అయిదో వంతు, టార్క్ దాదాపు సగం పెరిగాయన్నమాట.

ఇప్పుడు ఇంకో వరుస చూద్దాం. తొలి తరం బండికి అడుగున ఖాళీ 220 మి.మీ. గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపర్ తగలకుండా ఉండే కోణం 30 డిగ్రీలు, దిగేటప్పుడు వెనక బంపర్ తగలని కోణం 25 డిగ్రీలు. దాటగలిగే నీటి లోతు 700 మి.మీ. తరం మారినా ఈ నాలుగు అంకెలూ దాదాపు అక్కడే ఉన్నాయి.

షోరూంలో మొదటి వరుస చదివి వినిపిస్తారు. వానాకాలంలో పొలం దారి పట్టే రాయచూరు రైతుకు అక్కరకొచ్చేది రెండో వరుస.

నేల సంగతి ముందు

ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, నడుమ రాయచూరు జిల్లా. ఏడాదికి పడే వాన 600 మి.మీ. అటూఇటూ. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే పడుతుంది. సింధనూరు, మాన్వి తాలూకాల్లో తుంగభద్ర ఎడమ కాలువ కింద వరి పండుతుంది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు రైతుల క్యాంపులు ఎక్కువగా ఉన్నదీ అక్కడే. కాలువ గట్ల మీద మట్టి దారులు, వాటి పక్కన నల్లరేగడి పొలాలు. లింగసుగూరు, మస్కి వైపు వెళితే గ్రానైటు గుట్టలు, రాళ్ల బాటలు. అంటే ఒకే జిల్లాలో బండికి రెండు వేరు వేరు పరీక్షలు.

రేగడిలో బంకమట్టి పాలు ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బెత్తెడు వెడల్పున నెర్రెలు విచ్చుతుంది. వాన పడ్డ మర్నాడు దారి పైపైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల జిగట అలాగే ఉంటుంది. రోడ్డు టైరుతో అందులోకి దిగితే రెండు మూడు చుట్లు తిరిగేసరికి గాళ్లన్నీ మట్టితో పూడిపోతాయి. ఇక టైరు నున్నగా తిరుగుతుందే గానీ బండి కదలదు. మట్టి చక్రాన్ని అంటిపెట్టుకుని పైకి లేచి మడ్‌గార్డు లోపల పేరుకుంటుంది. ఎండాక దాన్ని గడ్డపారతో పొడవాల్సిందే.

343 చాలదా?

ఒక లెక్క వేద్దాం. బండి బరువు 2,000 కిలోలు అనుకుందాం. ఆరిన తారురోడ్డు మీద టైరు తన మీదున్న బరువులో 70 నుంచి 80 శాతం దాకా పట్టు తెచ్చుకుంటుంది. తడి రేగడి మీద అది 25 శాతం అనుకుంటే, నాలుగు చక్రాలూ కలిసి నేలను నెట్టగలిగేది 500 కిలోల బలంతోనే. అంతకుమించి నెడితే చక్రం జారుతుంది. చక్రం వ్యాసార్థం 38 సెం.మీ. కాబట్టి, ఆ 500 కిలోలకు చక్రాల దగ్గర కావలసిన టార్క్ సుమారు 1,850 న్యూటన్ మీటర్లు.

ఇంజిన్ ఇచ్చేది ఎంత? మొదటి గేరు, లో రేంజి (వేగం తగ్గించి బలం పెంచే అదనపు గేరు), యాక్సిల్ పళ్లు మూడూ కలిసి ఈ తరగతి బండ్లలో ఇంజిన్ టార్క్‌ను సుమారు 40 రెట్లు చేస్తాయి. పాత ఫార్చ్యూనర్ 343ను 40తో గుణిస్తే 13,700 దాటుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో అందులో సగమే అందుతుందనుకున్నా, రేగడి తీసుకోగలిగిన దానికి మూడున్నర రెట్లు. కొత్త బండి 500ను గుణిస్తే 20,000.

రేగడి తీసుకునేది 1,850 మాత్రమే. మిగతాదంతా చక్రాన్ని తిప్పి గుంత తవ్వడానికి పనికొస్తుంది. లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడూ హైవే మీద లారీని దాటేటప్పుడూ పెరిగిన టార్క్ ఎంతో సుఖం. బురదలో మాత్రం 2009 నాటి ఇంజినే అవసరానికి మించి ఉంది.

టైరు దగ్గర తేడా

తొలి తరానికి 265/65 ఆర్17 టైర్లు. రెండో తరం 4×4కు 265/60 ఆర్18. టైరు వెడల్పు మి.మీ.లలో 265, అందులో 65 శాతం పక్కగోడ ఎత్తు, రిమ్ము 17 అంగుళాలు అని మొదటిదాని అర్థం. లెక్కగడితే పాత టైరు మొత్తం వ్యాసం 776 మి.మీ., కొత్తది 775. చక్రం ఎత్తు మారలేదు. రిమ్ము అంగుళం పెరిగి, పక్కగోడ 172 నుంచి 159 మి.మీ.కు తగ్గింది.

పదమూడు మి.మీ.లే కదా అనిపిస్తుంది. కానీ బురదలో గాలి తీసి నడపాలంటే ఆ పక్కగోడే ఆధారం. నాలుగు చక్రాల మీద 2,000 కిలోలు సమంగా పడితే ఒక్కోదాని మీద 500. గాలి 32 పీఎస్‌ఐ ఉంటే టైరు నేలను తాకే చోటు సుమారు 220 చదరపు సెం.మీ. 20కి దించితే 355. రూపాయి ఖర్చు లేకుండా 60 శాతం ఎక్కువ నేల దొరికింది. టైరు గట్టిదనం వల్ల నిజంలో ఈ అంకె కొంత తగ్గుతుంది, దిశ మాత్రం ఇదే. వరి మడిలో ట్రాక్టర్‌కు నేల మీద ఎక్కువ చోటు పరుచుకునే కేజ్ వీల్స్ బిగించే సింధనూరు రైతుకు ఈ సూత్రం ఒకరు చెప్పక్కర్లేదు.

పక్కగోడ ఎత్తుగా ఉన్న టైరు గాలి తీసినప్పుడు బాగా పరుచుకుంటుంది, రాళ్ల బాటలో రిమ్మును కాపాడుతుంది. ఈ ఒక్క విషయంలో పాత కొలతే నయం. తారురోడ్డు ఎక్కగానే గాలి మళ్లీ నింపాలి. లేకపోతే వేడెక్కి టైరు పాడవుతుంది.

పొట్ట, గట్టు, కోణం

ముందు, వెనక చక్రాల మధ్య దూరం ఎంత ఎక్కువుంటే, గట్టు మీద పొట్ట ఆనే ప్రమాదం అంత ఎక్కువ. పాత ఫార్చ్యూనర్‌కు ఆ దూరం 2,750 మి.మీ., కొత్తదానికి 2,745. అడుగున 220 మి.మీ. ఖాళీతో లెక్కిస్తే పొట్ట తగలకుండా దాటగలిగే కోణం 18 డిగ్రీల పైచిలుకు. రెండు వైపులా పది డిగ్రీల వాలుతో కోసుగా ఉన్న కాలువ గట్టు ఎక్కి దిగాలంటే 20 డిగ్రీలు కావాలి. కాగితం మీద బండి ఆనిపోతుంది. నిజంలో దాటవచ్చు. 220 అన్నది సాధారణంగా వెనక యాక్సిల్ మధ్యలో ఉబ్బిన డిఫరెన్షియల్ కింది కొలత, బండి నడిమి భాగం అంతకన్నా ఎత్తులో ఉంటుంది. అందుకని ఈ లెక్కను కనీస హామీగానే తీసుకోవాలి.

దూరం పెరిగితే కోణం తగ్గుతుందన్న సూత్రం మహీంద్రా థార్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 2020 థార్‌కు చక్రాల మధ్య దూరం 2,450 మి.మీ., పొట్ట కోణం 27 డిగ్రీలు. 2024లో వచ్చిన అయిదు తలుపుల థార్ రాక్స్‌కు దూరం 2,850, కోణం 23.9. ఇంటిల్లిపాదికీ చోటు పెరిగింది, మూడు డిగ్రీలు పోయాయి. టొయోటా ల్యాండ్ క్రూజర్ మాత్రం 1990 నాటి 80 సిరీస్ నుంచి 2021 నాటి 300 సిరీస్ దాకా, మధ్యలో 100, 200 వచ్చినా, 2,850 మి.మీ.ను కదిలించలేదు. ఎడారుల్లో తిరిగే బండికి ఏ అంకె ముట్టుకోకూడదో ఆ కంపెనీకి తెలుసు.

700 మి.మీ. నీరంటే

ఆ అంకె నిలిచి ఉన్న నీటికి. వాగు పారుతుంటే లెక్క మారిపోతుంది. పాత ఫార్చ్యూనర్ పొడవు 4,695 మి.మీ., వెడల్పు 1,840. మూలలు తీసేసి అడుగు వైశాల్యం 7.5 చదరపు మీటర్లు అనుకుందాం. ఫ్లోర్ దాటి నీరు 27 సెం.మీ. లేస్తే బండి తొలగించే నీటి బరువు 2,000 కిలోలు. అంటే బండి బరువంతా నీరే మోస్తోంది, టైర్ల మీద ఏమీ లేదు. ఫ్లోర్ 40 సెం.మీ. ఎత్తులో ఉందనుకుంటే 70 సెం.మీ. నీటిలో బండి తేలడానికి సిద్ధంగా ఉన్నట్టే. లోపలికి నీరు కారితే కొంత బరువు తిరిగొస్తుంది గానీ, ఈలోగా పారే నీరు పక్కనుంచి తోస్తుంది. సెకనుకు 2 మీటర్ల వేగమున్న ప్రవాహం 30 సెం.మీ. మునిగిన పక్కభాగం మీద పెట్టే ఒత్తిడి దాదాపు 280 కిలోలు.

2016లో వచ్చిన ఫోర్డ్ ఎండీవర్‌కు దాటగలిగే నీటి లోతు 800 మి.మీ., మహీంద్రా స్కార్పియో-ఎన్‌కు 500. ఆ 300 మి.మీ. తేడా నిలిచిన నీటి గుంతల్లో పనికొస్తుంది. పొంగి పారే వాగు ముందు అన్నీ ఒకటే. ఆగిపోవడమే తెలివి.

నిజంగా మారింది: చక్రాల మధ్య పంపకం

మామూలు డిఫరెన్షియల్ రెండు వైపులా సమానంగా టార్క్ పంచుతుంది. ఒక చక్రం గాలిలో లేచిందంటే దానికి అందేది దాదాపు సున్నా. సమానం కాబట్టి రెండోదానికీ సున్నానే. గుట్టల బాటలో ఎదురుబొదురు మూలల్లో చక్రాలు లేచి బండి నిలబడిపోయేది ఇందుకే.

రెండో తరం ఫార్చ్యూనర్ 4×4లో జారే చక్రానికి బ్రేకు వేసి, రెండోదానికి బలం చేర్చే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంది. మస్కి వైపు రాళ్ల మీద ఇది పాతదాని కంటే బాగా సాయపడుతుంది. అయితే చక్రం జారాకే అది మేలుకుంటుంది. రాతి మీద ఆ కొద్ది జారుడుతో నష్టం లేదు. రేగడిలో ఆ లోగానే చక్రం బెత్తెడు దిగుతుంది. అందుకే బురదకు, రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిప్పే డిఫరెన్షియల్ లాక్ మేలు. 2016 ఎండీవర్ 4×4లో వెనక యాక్సిల్‌కు మీట నొక్కితే పడే లాక్ ఉంది. 2022 స్కార్పియో-ఎన్ 4×4లో రెండు చక్రాల వేగాల మధ్య తేడా పెరిగితే తనంతట తాను పడే లాక్ ఉంది.

ఫార్చ్యూనర్‌లో ఇంకో మార్పును చాలామంది గమనించరు. తొలి తరంలో నాలుగు చక్రాలకూ ఎప్పుడూ బలం అందేది. మధ్యలో ఒక డిఫరెన్షియల్, దానికి లాక్. రెండో తరంలో మామూలుగా వెనక చక్రాలకే బలం, అవసరమైతే మీట తిప్పి 4×4లోకి మారాలి. మధ్య డిఫరెన్షియల్ తీసేశారు కాబట్టి ఆరిన తారురోడ్డు మీద దాన్ని 4×4లో నడపకూడదు. బురదలో రెండూ సమానమే. చినుకు పడ్డ తారురోడ్డు మీద మాత్రం పాత పద్ధతికే నిలకడ ఎక్కువ.

పేరు అదే, బండి వేరు

1998 టాటా సఫారీ ఛాసిస్ మీద కట్టిన బండి. అందులో 4×4 దొరికేది. ఆ వంశంలోని స్టార్మ్ బండ్లు 3,192 కావాలని 2017లో సైన్యం ఆర్డరిచ్చింది. 2021లో అదే పేరుతో వచ్చిన సఫారీలో 170 హార్స్‌పవర్ ఉంది గానీ బలం ముందు చక్రాలకే. 4×4 లేదు. మాన్వి పొలం దారిలో పేరు చూసి దిగితే ట్రాక్టర్ పిలవాల్సిందే.

తరం మారితే బురదకు దూరమవడమే జరుగుతుందనీ అనుకోనక్కర్లేదు. 2010 థార్‌కు వెనక కోణం 27 డిగ్రీలు, 2020 థార్‌కు 36.8. అడుగు ఖాళీ 200 నుంచి 226 మి.మీ.కు పెరిగింది. ల్యాండ్ రోవర్ డిఫెండర్ పాతది 500 మి.మీ. నీటిలో దిగేది, 2020 నాటి కొత్తది 900లో దిగుతుంది. కంపెనీ తలుచుకుంటే కోణాలూ ఎత్తులూ పెరుగుతాయి. ఫార్చ్యూనర్ కొనేవాళ్లు ఎక్కువగా అడిగింది హైవే సుఖం, కాబట్టి అదే వచ్చింది.

కొనేముందు చూసే వరుస

పాత ఫార్చ్యూనర్ చూసినా, కొత్త స్కార్పియో-ఎన్ చూసినా రాయచూరు దారులకు వరుస ఇదీ. మొదట 4×4, లో రేంజి రెండూ ఉన్నాయా? స్కార్పియో-ఎన్‌లో డీజిల్‌కే 4×4 వస్తుంది. రెండోది టైరు రకం, పక్కగోడ ఎత్తు. మూడోది వెనక లాక్. నాలుగోది అడుగు ఖాళీ. స్కార్పియో-ఎన్‌కు 187 మి.మీ., అంటే ఫార్చ్యూనర్ కంటే 33 తక్కువ. ట్రాక్టర్ చాళ్లు పడ్డ దారిలో ఆ 33 మి.మీ. లోతునే డిఫరెన్షియల్ నేలను దున్నుతుంది. తర్వాత కోణాలు. హార్స్‌పవర్ అన్నిటికన్నా చివర.

సెకండ్‌హ్యాండ్ బండైతే కొనేముందు మట్టి నేల మీద 4×4, లో రేంజి వేయించి చూడాలి. ఏళ్ల తరబడి వాడకపోతే ఆ మీటలు బిగుసుకుపోతాయి. కొన్నాక నెలకోసారైనా వేసి కాస్త దూరం నడపాలి.

డబ్బు సంగతికొస్తే, బండి తరం మార్చడానికి లక్షల్లో ఖర్చవుతుంది. మట్టికీ రోడ్డుకూ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లు నాలుగు, ఒక గాలి మీటరు, చిన్న పంపు కలిపినా అందులో చిన్న భాగమే. రోడ్డు టైర్లతో వచ్చిన 500 న్యూటన్ మీటర్ల కొత్త బండి, ఈ సరంజామా ఉన్న 343 పాత బండి ఒకే రేగడి దారి పడితే పాతదే ముందు గట్టెక్కే అవకాశం ఎక్కువ. మార్చాలనుకునేవాళ్లు ముందు టైర్లతో మొదలుపెట్టి, ఒక వానాకాలం నడిపి చూసి, అప్పుడు బండి సంగతి ఆలోచించడం లాభం.