గేటు పక్కన మీటర్ బాక్స్ అసహ్యంగా ఉందా? దాచండి.. కానీ లైన్‌మన్ చేతికి అందేలా!

లక్షలు పోసి ఇల్లు కట్టుకున్నారు. ఎలివేషన్‌కి టైల్స్, గేటుకి డిజైన్, గుమ్మం ముందు తులసి కోట.. అన్నీ కుదిరాయి. తీరా ఫొటో తీస్తే మధ్యలో కనిపించేది ఏంటి? బూడిద రంగు కరెంట్ మీటర్ బాక్స్! దాని పక్కన మోటార్ స్టార్టర్, ఆ పైన ఏసీ అవుట్‌డోర్ యూనిట్, కింద గ్యాస్ సిలిండర్ బోను. ఏలూరు, తాడేపల్లిగూడెం కాలనీల్లో ఏ వీధిలోకి వెళ్లినా ఇదే సీన్. వాస్తు ప్రకారం మీటర్ ఆగ్నేయంలో పెట్టాలంటారు. ఆ ఆగ్నేయం మూల సరిగ్గా గేటు పక్కకే వస్తే ఇక చెప్పేదేముంది!

అందుకే ఇప్పుడు ఈ బాక్సుల్ని దాచేసే వీడియోలకి ఫోన్లలో ఫుల్ డిమాండ్. ప్లాస్టిక్ గడ్డి అతికించేవాళ్లు కొందరు, చెక్క షట్టర్ కట్టి తాళం వేసేవాళ్లు కొందరు, తీగ మొక్కలు పాకించేవాళ్లు ఇంకొందరు. ముప్పై సెకన్ల వీడియోలో అంతా బాగానే ఉంటుంది. ఆ వీడియో తీసినవాళ్ల ఇంటికి వానాకాలంలో వరద వస్తుందో లేదో మనకి తెలీదు. మన దగ్గర మాత్రం వస్తుంది.

కొల్లేరు పక్కన లెక్క వేరు

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లన్నీ వచ్చి చేరేది ఇందులోకే. బయటికి పోవాలంటే సముద్రం వైపు ఉప్పుటేరు ఒక్కటే దారి. పైన గట్టిగా వాన పడితే కింద నీళ్లు నిలిచిపోతాయి. 2020 అక్టోబర్‌లో తమ్మిలేరు పొంగి ఏలూరులో లోతట్టు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడని ముంచింది. ఆ నీళ్లే తర్వాతి రోజుల్లో కిందికి దిగి కొల్లేరు లంక గ్రామాల్ని చుట్టుముట్టాయి.

ఇలాంటి రాత్రి ఇంటివాళ్లు ముందుగా చేయాల్సిన పని ఏంటి? నీళ్లు గుమ్మం ఎక్కకముందే మెయిన్ ఆపేయడం. ఆ మెయిన్ స్విచ్ అందమైన షట్టర్ వెనకాల ఉండి, దానికి తాళం వేసి ఉండి, ఆ తాళంచెవి వంటింట్లో ఏ డబ్బాలో ఉందో గుర్తులేకపోతే? వీధిలో కరెంట్ పోయి చీకట్లో వెతుక్కోవాల్సి వస్తే? బాక్స్ కనిపించకుండా చేయడం తప్పేం కాదు. అది చేతికి అందకుండా పోతేనే ప్రమాదం.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. మన ఊళ్లలో పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ రోడ్డు వేసే అలవాటుంది. రోడ్డు ఎత్తు పెరిగినప్పుడల్లా పెరట్లో కూడా మట్టి పోసి మెరక చేస్తాం. మీటర్ బాక్స్ మాత్రం గోడ మీద ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఇరవై ఏళ్ల కిందట ఛాతీ ఎత్తులో పెట్టిన బాక్స్ ఇప్పుడు మోకాలి దగ్గరికి వచ్చిన ఇళ్లు పాత వీధుల్లో ఉన్నాయి. మీది కూడా అలా ఉంటే డెకరేషన్ సంగతి తర్వాత, ముందు దాన్ని పైకి మార్పించుకోవాలి. గోడ మీద పాత వరద చార ఉంటే దానికి బాగా పైన ఉండేలా అడగండి.

మీటర్ మీ గోడ మీదే ఉంది.. కానీ సీలు మీది కాదు

మార్పించడం అంటే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి విప్పించేయడం కాదు. ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు కరెంట్ ఇచ్చేది ఏపీఈపీడీసీఎల్. మీటర్ షిఫ్టింగ్ కోసం వాళ్ల ఆఫీసులో అప్లికేషన్ పెట్టి ఛార్జీలు కడితే సిబ్బందే వచ్చి మారుస్తారు. మనంతట మనం సీలు తెంపి మీటర్ పీకి ఇంకో చోట పెడితే అది నేరం. విద్యుత్ చట్టం 2003లోని 138వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా మీటర్‌ని లైన్ నుంచి విడదీసినా, తిరిగి కలిపినా మూడేళ్ల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 'అందం కోసమే జరిపాం సార్' అంటే వినరు.

అదే చట్టంలో 163వ సెక్షన్ కూడా ఉంది. మీటర్ తనిఖీకి వచ్చిన సిబ్బందిని ఇంటివాళ్లు అడ్డుకుంటే, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి 24 గంటలు గడిచాక సప్లయ్ ఆపేసే అధికారం సంస్థకి ఉంది. షట్టర్‌కి తాళం వేసి ఊరెళ్లడం అడ్డుకోవడం కాకపోవచ్చు కానీ, రీడింగ్‌కి వచ్చిన వ్యక్తికి మీటర్ కనిపించకపోతే డోర్ లాక్ కింద రాసుకుని వెళ్లిపోతారు. ఆ నెల అంచనా బిల్లు వస్తుంది, తర్వాత నెల సర్దుబాటు గొడవ. 'అమ్మా, మీ మీటర్ ఎక్కడుందండీ?' అని రీడర్ అడగాల్సిన పరిస్థితి రాకూడదు.

మరి ఎలా దాచాలి?

అన్నింటికన్నా చవకైన పని రంగు. గోడ ఏ రంగులో ఉందో బాక్స్ బయటి తలుపుకి అదే రంగు వేస్తే చాలు, సగం మాయమైపోతుంది. డిస్నీ పార్కుల్లో చెత్తడబ్బాలు, కరెంట్ బాక్సులు జనం కంట పడకుండా ఉండటానికి ఒక ప్రత్యేకమైన మసక ఆకుపచ్చ రంగు వాడతారు. 'గో అవే గ్రీన్' అని దానికి పేరు కూడా ఉంది. 'కంటికి కనపడకు పో' అన్నమాట! మన ఇంటికి అంత అక్కర్లేదు, గోడకి వేసిన రంగులో మిగిలిన అర లీటరు సరిపోతుంది. బ్రష్‌తోనే వేయండి. స్ప్రే కొడితే సందుల్లోంచి లోపలికి వెళ్తుంది. మీటర్ అద్దం, సీలు, గాలి కన్నాలు, సర్వీస్ నంబర్ మీద మాత్రం రంగు పడకూడదు. బాక్స్ మీ సొంతం కాకపోతే ముందు లైన్‌మన్‌ని ఒక మాట అడగండి.

రంగుతో సరిపోదనుకుంటే షట్టర్. ఇక్కడే చాలామంది ఇనుప జాలీకి వెళ్తారు. వెల్డింగ్ షాపులు వీధికొకటి ఉన్నాయి, పని కూడా ఒక్క రోజులో అయిపోతుంది. కానీ కొల్లేరు చుట్టుపక్కల గాలిలో తేమ ఎక్కువ. చెరువుల మధ్య ఉన్న ఊళ్లలో ఇనుముకి తుప్పు పట్టడం ఎంత తొందరగా జరుగుతుందో అక్కడివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పైగా వైరు ఇన్సులేషన్ ఎక్కడైనా పోయి జాలీకి తగిలితే జాలీ మొత్తానికి కరెంట్ వస్తుంది. ఇనుమే కావాలంటే దానికి ఎర్తింగ్ తప్పనిసరి. అంతకన్నా పీవీసీ పలకలు, మట్టి జాలీ ఇటుకలు మేలు.

పాత పద్ధతిలో వెదురు తడిక కూడా బాగుంటుంది. పేరులోనే తడిక ఉన్న తడికలపూడి మన ఏలూరు జిల్లాలోనే ఉంది మరి! మేదరివాళ్ల దగ్గర కొలత చెప్పి అల్లించుకుంటే వందల్లో అయిపోతుంది. ఎండకీ వానకీ పాడైపోతుంది, మళ్లీ మార్చుకోవాలి, అంతే. ఒక్క జాగ్రత్త: అది ఎండిన వెదురు, నిప్పు తొందరగా అంటుకుంటుంది. బాక్స్‌కి ఆనించి కట్టకుండా ఎడంగా, పక్క నుంచి మాత్రమే అడ్డు వచ్చేలా పెట్టుకోవాలి.

ఏ షట్టర్ అయినా తాళం వద్దు, అయస్కాంతం క్యాచ్ చాలు. తలుపు పూర్తిగా వెనక్కి తెరుచుకోవాలి. ముందు ఒక మనిషి నిలబడి రెండు చేతులూ ఆడించేంత జాగా, అంటే మూడడుగులైనా ఖాళీగా వదలాలి. షట్టర్ మీద ఒక మూల చిన్న రేడియం స్టిక్కర్ అతికించండి. పగలు ఎవరికీ తెలీదు, రాత్రి టార్చ్ వేస్తే వెంటనే మెరుస్తుంది. స్మార్ట్ మీటర్ ఉన్నవాళ్లు చుట్టూ రేకుతో మూసేస్తే సిగ్నల్ దెబ్బతినే అవకాశం ఉందని కూడా గుర్తుపెట్టుకోవాలి.

లండన్‌లో లీన్‌స్టర్ గార్డెన్స్ అనే వీధిలో 23, 24 నంబర్ల ఇళ్లు చూడ్డానికి పక్క ఇళ్లలాగే ఉంటాయి. తలుపులు, కిటికీలు, బాల్కనీలు.. అన్నీ ఉంటాయి. నిజానికి అవి ఇళ్లే కావు, ఉత్త గోడ! 1860ల్లో భూగర్భ రైలు మార్గం వేసినప్పుడు ఆవిరి ఇంజిన్ల పొగ బయటికి పోవడానికి అక్కడ పైకప్పు లేకుండా వదిలేశారు. ఆ గొయ్యి వీధిలోకి కనిపించకుండా ముందు ఈ గోడ కట్టారు. వెనక మాత్రం ఇప్పటికీ ఆకాశం కనిపిస్తుంది. మనం చేయాల్సిందీ అదే టైపు పని. వీధి వైపు నుంచి అడ్డు, లోపల గాలికి దారి.

మొక్కలు పెడితే?

కడియం నర్సరీల నుంచి వచ్చే కుండీ మొక్కలు తాడేపల్లిగూడెం, ఏలూరు రోడ్ల పక్కన దొరుకుతూనే ఉంటాయి. అరేకా పామ్, క్రోటన్ లాంటివి కుండీల్లో పెట్టి బాక్స్‌కి వీధి వైపు పక్కన నిలబెట్టండి. కుండీ అయితే అవసరమైనప్పుడు జరపొచ్చు. నేలలో నాటితే అది చెట్టయ్యాక కొట్టబుద్ధి కాదు. సరిగ్గా బాక్స్ కింద పెడితే రోజూ నీళ్లు పోసి అక్కడి నేల తడిగా ఉంటుంది, ఆ తడిలో నిలబడే స్విచ్ వేయాల్సి వస్తుంది.

తీగ మొక్కలు మాత్రం వద్దే వద్దు. రాధామనోహరం, శంఖుపూలు, మనీ ప్లాంట్ ఏదైనా సరే, సర్వీస్ వైరు వచ్చే జీఐ పైపు పట్టుకుని పైకి పాకిపోతుంది. తడిసిన తీగ దెబ్బతిన్న వైరుకి తగిలితే దాంట్లోంచి కరెంట్ కిందికి దిగొచ్చు. గుబురుగా పెరిగితే ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములు. గట్ల మీద, చెరువుల పక్కన ఉండే ఇళ్లకి ఇది ఊరికే చెప్పే మాట కాదు. ఇక గేటు బయట ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాని కంచెకి ఏదీ కట్టొద్దు, పాకించొద్దు.

ఏసీ, గ్యాస్, సోలార్.. దేని లెక్క దానిదే

ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వేడిని బయటికి ఊదే యంత్రం. ఫ్యాన్ ఎదురుగా అడ్డం పెడితే ఆ వేడి గాలినే మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. చల్లదనం తగ్గుతుంది, బిల్లు పెరుగుతుంది. పలకల మధ్య ఖాళీ బాగా ఉన్న జాలీ, అదీ ఎడంగా ఉంటేనే పెట్టండి.

మోటార్ స్టార్టర్ బాక్స్‌లో బల్లులు, చీమలు దూరడం మనకి కొత్త కాదు. ఆన్ చేసేటప్పుడు ఒక్కోసారి టప్‌మని శబ్దం వచ్చేది అందుకే. వైర్లు వచ్చే కన్నాలు మూయించాకే దానికి అలంకారం.

గ్యాస్ సిలిండర్ బయట పెట్టి గోడలోంచి పైపు లాగిన ఇళ్లలో ఇంకా జాగ్రత్త. వంటగ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే కిందికే దిగి పేరుకుంటుంది. బోనుకి కింది భాగంలోనే గాలి పోయే సందులుండాలి. చుట్టూ పలకలు కొట్టి అందంగా మూసేస్తే లోపల గ్యాస్ నిండుతుంది. అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఏంటంటే, 'అన్నీ ఒకే చోట దాచేద్దాం' అని మోటార్ స్టార్టర్, సిలిండర్ రెండూ ఒకే అల్మరాలో పెట్టడం. స్టార్టర్ వేసినప్పుడు లోపల నిప్పురవ్వ వస్తుంది. పక్కన లీకైన గ్యాస్ ఉంటే ఇంకేముంది! ఇన్వర్టర్ బ్యాటరీని కూడా మూసేసిన డబ్బాలో ఉంచొద్దు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు అందులోంచి హైడ్రోజన్ వస్తుంది.

2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక సోలార్ పెట్టించుకునేవాళ్లు పెరిగారు. దాంతో గోడ మీద ఇంకో రెండు మూడు బాక్సులు చేరాయి. ఇక్కడ తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇంటి మెయిన్ ఆపేసినా, ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ వైర్లలో కరెంట్ ఉంటుంది. అందుకే ఆ బాక్స్ మీదున్న హెచ్చరిక స్టిక్కర్‌ని రంగుతో గానీ, వాల్‌పేపర్‌తో గానీ కప్పేయొద్దు.

సెప్టిక్ ట్యాంక్ మూత మీద కుండీలు పెట్టుకోండి, పూలతొట్టి మాత్రం కట్టొద్దు. గాలి గొట్టం పొట్టిగా కోయొద్దు. ఎర్తింగ్ గుంత మీద టైల్స్ పరిచేస్తున్నారు చాలా చోట్ల. దాని మూత తెరిచేలా వదిలి, అది ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా చూపించాలి.

నీళ్లొస్తే ఏం చేయాలి?

వాన ముదురుతోందని తెలిస్తే ముందు షట్టర్, కుండీలు, తడిక పక్కకి తీసేయండి. నీళ్లు ఇంకా ఆవరణలోకి రాకముందే, పొడి నేల మీద నిలబడి, పొడి చేత్తో మెయిన్ ఆపండి. అప్పటికే బాక్స్ చుట్టూ నీళ్లు నిలిచి ఉంటే దగ్గరికి వెళ్లొద్దు. 1912కి ఫోన్ చేసి సర్వీస్ నంబర్ చెప్పి, బయటి నుంచి సప్లయ్ ఆపమని అడగండి. ఆ నంబర్ బాక్స్ మీద మాత్రమే ఉంటే అప్పుడు చూడటం కష్టం కాబట్టి పాత బిల్లు ఒకటి ఇప్పుడే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. వరద తగ్గాక బాక్స్ పైకి ఆరినట్టు కనిపించినా లోపల బురద, తేమ ఉంటాయి. ఎలక్ట్రీషియన్ చూసి సరే అన్నాకే మెయిన్ వేయాలి, షట్టర్ ఆ తర్వాత బిగించుకోవచ్చు.