తాళంచెవి ఉన్నా తెరుచుకోని తాళం

1985లో జపానులోని కోబె నగరంలో ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడలు జరిగాయి. స్పెయిన్ నుంచి హర్డిల్స్ పరుగుకు వచ్చిన 24 ఏళ్ళ మరియా హోసే మార్తినెజ్ పాతినో ఒక కాగితం ఇంటి దగ్గర మరచిపోయింది. ఆమె స్త్రీయేనని రెండేళ్ళ క్రితం హెల్సింకిలో పరీక్షించి ఇచ్చిన ధ్రువపత్రం అది. ఆ రోజుల్లో అది లేనిదే మహిళల పోటీల్లోకి రానిచ్చేవారు కాదు. అందుచేత మళ్ళీ పరీక్ష చేశారు. బుగ్గ లోపలి పొరను గీకి తీసిన కణాలను సూక్ష్మదర్శినిలో చూడటమే ఆ పరీక్ష. రెండు ఎక్స్ క్రోమోజోములున్న కణంలో ఒకటి ముడుచుకుపోయి ముదురు చుక్కలా కనిపిస్తుంది. పాతినో కణాల్లో ఆ చుక్క లేదు. ఆమెకు ఉన్నవి ఒక ఎక్స్, ఒక వై అని తరువాతి పరీక్షల్లో తేలింది.

గాయమైనట్లు నటించి తప్పుకోమని అధికారులు సలహా ఇచ్చారు. కోబెలో ఆమె అలాగే చేసింది. 1986 జనవరిలో స్వదేశంలో జాతీయ పోటీలకు ముందు మళ్ళీ అదే మాట చెబితే వినలేదు. పరుగెత్తింది, గెలిచింది. వెంటనే విషయం పత్రికలకెక్కింది. వసతి గృహంలో గది, ఉపకార వేతనం, రికార్డులు అన్నీ పోయాయి. పెళ్ళి చేసుకోవలసిన యువకుడూ దూరమయ్యాడు.

ఇంతకూ ఆమె శరీరంలో ఏం జరిగింది?

తల్లి గర్భంలో ఆరు వారాల దాకా ఆడ, మగ పిండాలకు తేడా తెలియదు. రెండింటిలోనూ రెండు రకాల నాళాలు సిద్ధంగా ఉంటాయి. వై క్రోమోజోము మీద ఎస్.ఆర్.వై. అనే జన్యువు ఉంది. దానిని 1990లో కనుగొన్నారు. అది పనిచేస్తే బీజగ్రంథులు వృషణాలుగా మారతాయి. ఆ వృషణాల నుంచి రెండు హార్మోనులు వస్తాయి. ఒకటి, గర్భాశయంగా ఎదగవలసిన నాళాలను అణచివేస్తుంది. రెండోది టెస్టోస్టిరోన్. ఇది పురుష నాళాలను నిలబెడుతుంది. దీని నుంచే తయారయ్యే డైహైడ్రో టెస్టోస్టిరోన్ బయటి పురుషాంగాలను రూపొందిస్తుంది. ఈ రకం హార్మోనులను ఆండ్రోజెనులు అంటారు.

అయితే హార్మోను ఉంటే చాలదు. అది తాళంచెవి మాత్రమే. కణంలో దానికి సరిపడే తాళం ఉండాలి. ఆ తాళమే ఆండ్రోజెన్ గ్రాహకం, సుమారు 920 అమైనో ఆమ్లాల ప్రోటీను. మామూలుగా ఇది కణద్రవ్యంలో, తోడు ప్రోటీనుల కాపలాలో ఉంటుంది. హార్మోను వచ్చి అతుక్కోగానే ఆకారం మార్చుకుని, కాపలా వదిలించుకుని కేంద్రకంలోకి వెళుతుంది. అక్కడ జంటగా డి.ఎన్.ఎ.ను పట్టుకుని, కొన్ని జన్యువులను పనిచేయించి, మరికొన్నింటిని ఆపుతుంది.

విచిత్రమేమంటే, ఈ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు వై మీద లేదు, ఎక్స్ మీద ఉంది. అంటే మగపిల్లవాడు దీన్ని తల్లి నుంచే పొందుతాడు. స్త్రీలలోనూ ఇది పనిచేస్తుంది. యౌవనంలో చంకల్లో వెంట్రుకలు రావడానికి ఇదే కారణం.

ఈ జన్యువులో ఇప్పటికి వెయ్యికి పైగా లోపాలు నమోదయ్యాయి. కొన్ని గ్రాహకాన్ని పూర్తిగా పనికిరాకుండా చేస్తాయి. పాతినోకు జరిగినది ఇదే. ఆమె శరీరంలో వృషణాలున్నాయి, టెస్టోస్టిరోన్ పురుషులలో ఉన్నంత ఉంది. దాని మాట వినే కణం మాత్రం ఒక్కటీ లేదు! అటువంటి శిశువు ఆడపిల్లగానే పుడుతుంది. యౌవనంలో టెస్టోస్టిరోన్‌లో కొంత ఈస్ట్రోజెన్‌గా మారడంతో స్తనాలు ఎదుగుతాయి. కాని గర్భాశయం లేదు, కనుక రజస్వల కాదు. చాలామందిలో ఈ స్థితి బయటపడేది అప్పుడే. దీనిని 1953లో వివరంగా వర్ణించిన జాన్ మోరిస్ పెట్టిన పేరుకు అర్థం 'వృషణాల వల్ల స్త్రీత్వం'. ఇప్పుడు ఆండ్రోజెన్ గ్రాహ్యతా లోపం అంటున్నారు. వెనుకటి డాక్టర్లు ఈ సంగతిని ఆ అమ్మాయిలకే చెప్పకుండా దాచేవారు. అది దయ అనుకున్నారు గాని, తన శరీరం గురించి అబద్ధం వినడం ఎవరికి మేలు?

గ్రాహకం పనిచేయకపోవడం ఒక లోపమైతే, రూపం చెడటం మరొకటి. జన్యువులో ఒకచోట సి.ఎ.జి. అనే మూడక్షరాల మాట వరుసగా వస్తుంది. చాలామందిలో అది ఇరవై చిల్లరసార్లు ఉంటుంది. 38 దాటితే మగవారిలో నడివయసు నుంచి కండరాలు నెమ్మదిగా బలహీనపడతాయి, మాట తడబడుతుంది. ఇది కెనెడీ వ్యాధి. దీని మూలం 1991లో బయటపడింది. గ్రాహకం బొత్తిగా లేనివారికి ఈ జబ్బు రాదు. కనుక నరాల కణాలను చంపేది గ్రాహకం కొరత కాదు, పొడవైన గ్రాహకం ముద్దకట్టి విషంగా మారడమే.

ఇక ప్రొస్టేట్ క్యాన్సర్. ఈ కణాలు ఆండ్రోజెనుల అండతో పెరుగుతాయని 1941లో చార్లెస్ హగిన్స్ చూపారు. వృషణాలు తొలగిస్తే కణితి తగ్గింది. ఆయనకు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. కాని కొంతకాలానికి జబ్బు తిరగబెట్టేది. ఎందుకు? క్యాన్సర్ కణం గ్రాహకాలను కుప్పలుగా తయారుచేసుకుని, మిగిలిన కాస్త హార్మోనునూ పట్టుకుంటుంది. 2012లో అమెరికాలో అనుమతి పొందిన ఎంజాలుటమైడ్ మందు తాళపు రంధ్రాన్నే మూసేస్తుంది. దానికీ కొన్ని కణాలు లొంగవు. హార్మోను అతుక్కునే భాగమే లేని పొట్టి గ్రాహకాన్ని అవి తయారుచేసుకుంటాయి. తాళంచెవి లేకుండానే తెరుచుకునే తాళమన్నమాట! దీనిని ఆపే మందు కోసం పరిశోధన సాగుతోంది.

మరి పాతినో? టెస్టోస్టిరోన్ తన కండరాలకు చేరినా పనిచేయదని, దాని వల్ల తనకు లాభమేమీ లేదని ఆమె వాదించింది. ఫిన్‌లాండ్ జన్యుశాస్త్రవేత్త ఆల్బర్ట్ ద లా షపెల్ అండగా నిలిచారు. 1988లో ఆమెను తిరిగి పోటీలకు అనుమతించారు. అప్పటికి పరుగు వేగం తగ్గిపోయింది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కు సెకనులో పదో వంతు తేడాతో అర్హత కోల్పోయింది. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య ఆ ఏడాదే, ఒలింపిక్ సంఘం 1999లో అందరికీ చేసే లింగ పరీక్షలను మానేశాయి. 2025లో ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ ఎస్.ఆర్.వై. జన్యు పరీక్షను మహిళలకు తప్పనిసరి చేసింది. పాతినో వంటి వారు, అంటే గ్రాహకం పూర్తిగా పనిచేయనివారు, మహిళల విభాగంలోనే పాల్గొనవచ్చునని ఆ నియమాల్లోనే రాసి ఉంది.